బందరాయన సోడా

మొన్న గుడివాడ నుంచి బందరు వెళ్తుంటే పామర్రు సెంటర్లో బస్సు ఆగింది. దాహమేసి కిటికీలోంచే ఒక నీళ్ళ సీసా కొన్నాను. మూత తిప్పితే టిక్కుమని విరిగింది. ఆ చిన్న చప్పుడుకి గుండె ఝల్లుమని, సీసా ఒళ్ళో ఒలకబోసుకున్నాను. పక్క సీటాయన కంగారుపడి, "ఏంటి బాబాయ్ గారూ, నొప్పేమన్నా వస్తుందా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. సీసా మూత చప్పుడుకి భయపడే ముసలాడు ఈ జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. బందరాయన గుర్తొచ్చాడని ఆ పెద్దమనిషికి ఎలా చెప్పను? ఆయన గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా గురించి కూడా చెప్పాల్సి వస్తుంది.

యాభైలు వెళ్ళిపోయి అరవైలు వస్తున్న రోజులు. నాకు మొదటి ఉద్యోగం దివిసీమలో, కోడూరుకి ఆవల, సముద్రపు గాలి తగిలే ఊళ్ళో బడిపంతులుగా వచ్చింది. చుట్టూ నీళ్ళే గాని తాగడానికి గుక్కెడు ఉండేవి కావు. ఏ బావి తవ్వినా ఉప్పే. కాలవ వదిలినప్పుడు నింపుకున్న మంచినీళ్ళ చెరువు ఒకటుండేది. కాలవ కట్టేశాక మళ్ళీ వదిలేదాకా ఊరంతటికీ అదే దిక్కు. నేను చేరడానికి ముందటేడు కలరా వచ్చి ఆ ఊళ్ళో చాలామందిని తీసుకుపోయింది. నాకు అద్దెకిచ్చిన ఇల్లు అలా ఖాళీ అయిందేనని చేరిన నెలకి గాని తెలియలేదు. తెలిసినప్పటి నుంచి కడుపులో ఏమాత్రం గుడగుడమన్నా నాకు చెమటలు పట్టేవి.

బందరాయన అసలు పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. బందరులో ఒక ఆస్పత్రిలో చాలా ఏళ్ళు సూదులూ కత్తెర్లూ ఉడకబెట్టే పని చేసి, అది మానేసి, భార్య పుట్టిల్లని మా ఊరి క్రైస్తవుల పేటకి వచ్చి కాపురం పెట్టాడు. ఇస్త్రీ చొక్కా తొడుగుతాడు కనక "ఒరే" అనడానికి రైతులకి నోరు రాలేదు. పేట మనిషి కనక "గారు" అనడానికి మనసు రాలేదు. మధ్యేమార్గంగా బందరాయన అన్నారు. నేనూ అదే అన్నాను. ఊరికి లేని పెద్దరికం నాకు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అంత పిరికి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పాములంటే భయం లేదు, దయ్యాలంటే భయం లేదు, పెళ్ళామంటే కూడా పెద్ద భయం లేదు. నీళ్ళంటే భయం. ఎక్కడికి వెళ్ళినా గుడ్డసంచీలో సొంత గ్లాసు, సొంత సీసా ఉండాల్సిందే. పెళ్ళికి పిలిచినా విస్తరి ముందు తన సీసా తనే పెట్టుకునేవాడు. ఎవరైనా మజ్జిగ ఇస్తే పుచ్చుకుని, దణ్ణం పెట్టి, వాళ్ళు అటు తిరగ్గానే చెట్టు మొదట్లో పోసేవాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. "బందరాయన మజ్జిగతోటే మా మావిడి చెట్టు కాసింది" అని మునసబు గారు వేళాకోళం చేసేవారు.

టీ కొట్టు దగ్గర ఆయనకి రోజూ ఒకటే తగువు.

"మరిగినయ్యా, కాగినయ్యా?" అని అడిగేవాడు.

"రెండిటికీ తేడా ఏంటయ్యా?" అని కొట్టాయన విసుక్కునేవాడు.

"కాగితే వేడెక్కుద్దండి. మరిగితే చచ్చిపోద్దండి."

"ఏది చచ్చిపోద్ది?"

"అదేనండి."

దాని పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. ఎత్తితే వింటుందనుకునేవాడేమో. ఒకసారి నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ గారు మైక్రోస్కోపులో చెరువు నీటి చుక్క పెట్టి, "రా, నువ్వూ చూడు" అని పిలిచారట. "చూశానండి. అందులో ఊరు ఊరంతా ఉందండి మాస్టారూ. తిరుగుతున్నారండి. తింటున్నారండి. ఆ పొద్దు మధ్యాన్నం నాకు అన్నం సయించలేదు. అప్పట్నుంచి ఎవరి చేతిలో గ్లాసు చూసినా నాకు ఆ ఊరే కనపడుద్దండి" అన్నాడు. చెబుతున్నంతసేపూ రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకున్నాడు. అది ఆస్పత్రి అలవాటు. కడిగిన చేతులు దేనికీ తగలకూడదని.

ఆ భయంలోంచే ఆయనకి వ్యాపారం ఆలోచన పుట్టింది. చెరువు నీళ్ళు తెచ్చి, మురికి అడుక్కి దిగేలా ఇండుపగింజ అరగదీసి తేర్చి, బొగ్గూ ఇసకా పోసిన కుండల్లోంచి వడకట్టి, మరగబెట్టి, చల్లార్చి అమ్ముతాడట. ఎంతసేపు మరగాలో చూడటానికి ఆయనకి గడియారం లేదు. వాళ్ళ గుళ్ళో పాడే ఐదు చరణాల పాట ఒకటుండేది. నీళ్ళు తెర్లడం మొదలుపెట్టాక ఆ పాట అందుకునేవాడు. ఐదు చరణాలూ అయితే గాని పొయ్యి ఆర్పేవాడు కాదు. గొంతు బాగుండేది కాదు. వాళ్ళావిడ నవ్వి, "మూడు చరణాలకే అవి చచ్చుంటాయి, ఇంక మమ్మల్నెందుకు చంపుతారు?" అనేది. ఆయన నవ్వేవాడు కాదు. ఎప్పుడైనా దగ్గొచ్చి పాట తెగిపోతే మళ్ళీ మొదటి చరణం నుంచి ఎత్తుకునేవాడు.

మొదటి కుండ బడికే తెచ్చాడు. అరుగు మీద పెట్టి, కింద నిలబడి, "నీళ్ళు అమ్ముదామనుకుంటున్నానండి. ముందు మాస్టారు తాగితే నాకు శుభం" అన్నాడు. కుండ మీద కొత్త గుడ్డ కట్టి ఉంది. ముందటేడు చావులు తలుచుకుని రోజూ వణికే నేను ఆ కుండని కళ్ళకద్దుకోవాలి. కాని పేటనుంచి వచ్చిన కుండలో నీళ్ళు తాగానని గుడివాడలో మా అమ్మకి తెలిస్తే ఏమంటుందో అదొక్కటే నాకు తట్టింది. "ఇప్పుడే మజ్జిగ తాగానయ్యా" అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "అట్టాగేనండి" అని కుండ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. కలరా కంటే కులం పోతుందన్న భయమే నాకు పెద్దదని ఆ రోజు తెలిసింది. సిగ్గుపడ్డాను గాని, వెనక్కి మాత్రం పిలవలేదు.

ఊరు నాకంటే బాహాటంగా నవ్వింది. "నీళ్ళమ్ముకునే రోజులొచ్చాయా? రేపు గాలి కూడా మూట కట్టి తెస్తావా ఏంటి?" అన్నారు. దాహమన్నవాడికి నీళ్ళిచ్చి వెల అడిగితే ఏడు జన్మల పాపమని పెద్దలు తీర్మానించారు. పేటలోవాళ్ళు కూడా కొనలేదు. చెరువులో ఊరికే దొరికేవాటిని పొయ్యి మీద పెట్టి అమ్మేవాడు వాళ్ళకి వెర్రివాడిలా కనిపించాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండిన మాట నిజమే, ఇవాళ నీళ్ళు అమ్మని కొట్టు లేదు. కాని ఆయన చేలో పండలేదు.

సాయంత్రాలు బడి వదిలాక వచ్చి అరుగు కింద నిలబడేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. ఎవరు ఏ కొత్త వ్యాపారం పెట్టినా దాని జాతకం చెప్పడం ఆయనకి సరదా. ఒకరోజు, "కోడూరులో గొడుగుల కొట్టు మూసేశారండి" అన్నాడు.

"ఇన్ని వానలు పడే చోట గొడుగుల కొట్టు ఎందుకు మూశారయ్యా?"

"నాట్లేసేవాడికి రెండు చేతులూ బురదలోనే ఉంటయ్యండి. గొడుగు పట్టుకోటానికి మూడో చెయ్యేదండీ? ఆ కొట్టాయన వానని చూశాడు, చేతుల్ని చూళ్ళేదు. అదే కోతల ముందు సైకిలుకి సానరాయి కట్టుకుని వచ్చేవాడుంటాడు చూడండి, కొడవళ్ళు పదును పెట్టేవాడు. వాడికి అన్నం తినే తీరికుండదు. వాడు ఎవరికీ కొత్త అలవాటు నేర్పట్లేదండి. ఉన్న అలవాటుకి పదును పెడుతున్నాడు."

"మరి నీ నీళ్ళో?"

భుజం మీది సంచీ సర్దుకున్నాడు. "నేను భయం అమ్మబోయానండి. జనం దగ్గర అది ఇప్పటికే బోల్డంత ఉంది. ఇంకా కొనుక్కోవాలని ఎవరికుంటుందండీ?"

దారి చూపింది వాళ్ళావిడ. చల్లారిపోయిన కుండలన్నీ పెరట్లో బెండమొక్కలకి పారబోస్తూ, "ఉత్త నీళ్ళు ఎవరు కొంటారు? గ్యాసు కొట్టండి, ఎగబడి తాగుతారు. బందర్లో చూళ్ళా?" అందట. ఆయన ఆ మాట వింటూనే లేచి నిలబడ్డానని చెప్పాడు. బందరులో మూతబడ్డ ఒక కొట్టు నుంచి పాత గోలీసోడా మిషను సంపాదించి, పులిగడ్డ రేవు దాటించి, గడ్డిబండి మీద మా ఊరు చేర్చాడు. సీసాలు తిప్పే ఇనప చట్రం, ఒక గ్యాసు బండ, అంతే సరంజామా. సీసా పేలుతుందన్న భయమొకటి కొత్తగా తోడైంది. చేతులకి గోనెపట్టా చుట్టుకుని, మొహానికి తడిగుడ్డ కట్టుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా మిషను తిప్పేవాడు.

నీళ్ళవే. అదే చెరువు, అదే పొయ్యి, అవే ఐదు చరణాలు, అదే చెయ్యి. అందరూ తాగారు. మునసబు గారు మొట్టమొదట గోలీ నొక్కించుకుని, గటగటా తాగి, తేన్చి, "సోడాకి అంటూ మైలా ఏంటయ్యా!" అని తీర్పు చెప్పారు. నేనూ తాగాను. సీసా ఆయన చేతిలోంచి నా చేతికి వచ్చింది, నాకేమీ కాలేదు. కుండకి ఉన్న కులం సీసాకి లేకుండా ఎలా పోయిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ సాయంత్రం ఆయన నాతో మెల్లగా, "ఈ గోలీ చాలా గొప్పదండి మాస్టారూ. లోపలున్నదాన్నే కాదు, వెనకున్నవాణ్ణి కూడా మూసేస్తుంది" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

చూస్తుండగానే సోడా పేరు పక్క ఊళ్ళకి పాకింది. అజీర్తికి బందరాయన సోడా, తలనొప్పికి బందరాయన సోడా, అల్లుడొస్తే బందరాయన సోడా. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళి మిషను తిప్పేవాణ్ణి. ఎవరూ రమ్మనలేదు, నా సరదా నాది. పంతులు తిప్పిన సోడా అని జనం మెచ్చుకుంటుంటే బాగుండేది. వ్యాపారం పుంజుకున్న కొద్దీ ఆయన మాత్రం చిక్కిపోయాడు. నిద్ర లేని కళ్ళతో వచ్చి, "నడవని వ్యాపారంతో భయమేముందండీ? మూసేస్తే పోయే. నడిచేదాంతోటే భయం. ఇన్నాళ్ళూ నా ఒక్క గ్లాసు చూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఎన్ని గ్లాసులు చూసుకోవాలి! ఒక్కటి తప్పితే?" అనేవాడు. దినదినగండం నూరేళ్ళ ఆయుష్షు అని నేను ఎగతాళి చేశాను. నిజానికి ఆ వ్యాపారానికి పెట్టుబడి ఆ భయమేనని నాకు అప్పుడు తెలియదు.

ఆ ఏడు మాఘ పున్నమికి సముద్ర స్నానాల తిరునాళ్ళలో తాటాకు పందిరి వేశాడు. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి ఎక్కడెక్కడి బళ్ళూ వచ్చాయి. ఇసకలో కాలు పెట్టే జాగా లేదు. ఊరి నుంచి బండి మీద తెచ్చుకున్న మరిగిన నీళ్ళు పొద్దెక్కేసరికే అయిపోయాయి. పీపాల్లో చెరువు నీళ్ళు తెప్పించి, ఇండుపగింజతో తేర్చి, పందిరి వెనక సరుగుడు తోపు పక్కన పొయ్యి పెట్టాడు. భార్యాభర్తలిద్దరూ అక్కడే ఉన్నారు. పందిట్లో నేనొక్కణ్ణే. వెళ్తూ వెళ్తూ, "నీళ్ళైపోతే ఆపెయ్యండి మాస్టారూ. జనం తిడితే తిట్టనివ్వండి. పాట అయ్యేదాకా ఆగాల్సిందే" అని రెండుసార్లు చెప్పాడు.

మరిగించిన మొదటి వాయి నీళ్ళూ అయిపోయాయి. జనం పందిరి గుంజల మీద పడుతున్నారు. "మాస్టారూ ఇటు!" "మాస్టారూ, ముసలమ్మ సొమ్మసిల్లింది, ఒక్కటి!" అని అరుపులు. నా కాళ్ళ దగ్గర తేర్చిన నీళ్ళ కుండ ఉంది. మరగబెట్టడానికి తీసుకెళ్ళాల్సింది. అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. తోపు వైపు చెవి పెట్టి విన్నాను. పాట ఇంకా మొదలే కాలేదు. ఊరంతా తాగేది ఈ నీళ్ళేగా, ఈయన చాదస్తం గాని, అనుకున్నాను. పంతుల్ని కదా, నాకు తెలియనిదేముంది? రెండు డజన్లు కొట్టాను. సీసాలు చేతుల్లోంచి ఎగిరిపోయాయి. నాలుగో ఐదో మిగిలితే మామూలు వాటితో కలిపి పెట్టెలో పెట్టేశాను.

ఆయన మరిగిన కుండ మోసుకొచ్చి, ఖాళీ కుండ చూసి ఆగాడు. "ఇందులో పచ్చి నీళ్ళేవండీ?"

"కాలు తగిలి ఒలికిపోయాయయ్యా."

"పోన్లెండి, పచ్చివేగా" అని ఊపిరి పీల్చుకున్నాడు. నేను చెబితే నమ్మకపోవడం ఆయనకి తెలియదు.

తిరునాళ్ళైన నాలుగో రోజు మా ఊళ్ళో కలరా దిగింది. తిరునాళ్ళకి వెళ్ళొచ్చిన ముసలాయన పొద్దున పడకేసి సాయంత్రానికి పోయాడు. మర్నాడు మరో ఇంట్లో ఇల్లాలు. బడి మూసేశాం. వీధిలో పలకరింపులు ఆగిపోయాయి. ఎవరింటి ముందు మనుషులు చేరినా అటు చూడకుండా తలుపులు వేసుకునేవాళ్ళం. నేను గదిలో కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఆ రెండు డజన్ల సీసాల్నీ మనసులో ఒక్కొక్కటే మళ్ళీ కొడుతూ ఉండిపోయాను. ముసలాయన సోడా తాగాడా? ఇల్లాలు తాగిందా? తాగితే నేనిచ్చిందా, ఆయనిచ్చిందా? అడగడానికి ఒక్క గడపా తొక్కలేదు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఊరి కోపం సోడా మీద పడింది. తిరునాళ్ళలో అందరూ పీపా నీళ్ళే తాగారు, ఊళ్ళో అందరూ చెరువు నీళ్ళే తాగుతున్నారు. చెరువుని ఎవరనుమానిస్తారు? అది తల్లి. గోలీ ఉన్న సీసా నిన్నగాక మొన్న వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం పాతికమంది కర్రలు పట్టుకుని పేటకి నడిచారు. మిషను పగలగొట్టి, ఇల్లు పీకి, మొగుణ్ణీ పెళ్ళాన్నీ పొలిమేర దాటించాలని తీర్మానం. మునసబు గారు నన్ను కూడా లాక్కెళ్ళారు.

బందరాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. వాళ్ళావిడ గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. ఎవరో కర్ర ఎత్తారు. మునసబు గారు ఆపి, "ఉండండ్రా. చదువుకున్నాయన మాస్టారున్నారు, దగ్గరుండి మిషను తిప్పినాయన. ఆయన ఒక సీసా తాగితే మనకి నమ్మకం. తాగకపోతే మీ ఇష్టం" అన్నారు.

ఆ మాటకి బందరాయన మొహం విప్పారింది. ఆయన మొహంలో భయం లేకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకంటే ముందే పెట్టెలోంచి ఒక సీసా తీశాడు. తిరునాళ్ళ నుంచి తిరిగొచ్చిన పెట్టె. తుడిచి, గోలీ టిక్కుమనేలా నొక్కి, రెండు చేతులతోనూ నాకందించి, "తాగండి మాస్టారూ, మనం తప్పు చెయ్యలేదు" అన్నాడు.

సీసా పట్టుకున్నాను. నురగ పైకొచ్చి నా వేళ్ళ మీదుగా కారింది. పెట్టెలో పచ్చి నీళ్ళవి నాలుగున్నాయి, ఐదున్నాయి. ఇది ఏది? పెదవుల దాకా ఎత్తుదామనుకున్నాను. చెయ్యి లేవలేదు. అబద్ధమెందుకు, తాగితే చస్తానన్న భయం తప్ప ఆ క్షణంలో నాకు ఇంకేమీ లేదు. ఆయన ఇల్లు గాని, వాకిట్లో కర్రలు గాని, గుమ్మంలో ఏడుస్తున్న ఆవిడ గాని నాకు కనపడలేదు. జనం చూస్తున్నారు. నురగ చచ్చిపోయింది.

ఆయన నా మొహం చూశాడు. కుండ తెచ్చిన రోజు చూసినట్టే ఒక్క క్షణం చూశాడు. ఒలికిపోయాయన్న నీళ్ళు ఎటు పోయాయో అప్పుడు ఆయనకి అర్థమైందని నాకు తెలిసిపోయింది. ఆయన పెదవులు తెల్లబడ్డాయి.

మెల్లగా నా చేతిలోంచి సీసా తీసుకుని, జనం వైపు తిరిగి, "మాస్టారికి రొమ్ము పడిశమండి. గ్యాసు పడదు. నిన్న నాతో చెప్పారు, నేనే మర్చిపోయాను" అన్నాడు. గొంతు వణకలేదు. సీసా ఎత్తి ఒక్క చుక్క మిగలకుండా తాగాడు. పెట్టెలోంచి ఇంకోటి తీసి అదీ తాగాడు. మూడోది కూడా.

ఎవరి మజ్జిగా తాగనివాడు, పెళ్ళి విస్తరి ముందు సొంత సీసా పెట్టుకునేవాడు. ఆ మనిషి మూడు సీసాలు తాగాక ఇంక సాక్ష్యమెందుకు? "ఈ పిరికాడే తాగాడంటే సోడాలో ఏం లేనట్టేరా" అని మునసబు గారు వెనక్కి తిరిగారు. ఆయన వెనకే కర్రలు కూడా వెళ్ళిపోయాయి.

అందరూ వెళ్ళాక అడిగాడు. "ఎన్నండీ?"

"రెండు డజన్లు" అన్నాను.

తిట్టలేదు. తిడితే బాగుండు. పెట్టె పక్కనే నేల మీద కూలబడి, చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకున్నాడు. తర్వాత, "ఎవరెవరికిచ్చారో గుర్తుందా?" అన్నాడు. ఆ తొక్కిసలాటలో మొహాలు ఎవరికి గుర్తుంటాయి? ఒక్కతే గుర్తుంది. చంకలో ఏడాది పాపతో వచ్చిన పిల్ల తల్లి. బంటుమిల్లి వైపు నుంచి బండి కట్టుకుని వచ్చామంది. సోడా దోసిట్లో పోసుకుని పాప నోటికి అందిస్తే, గ్యాసు ముక్కులోకి వెళ్ళి పాప ఉలిక్కిపడింది. చూసి అందరం నవ్వాం. అది చెప్పాను. పాప అనగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మూడ్రోజులు చూస్తానండి. నాకు వస్తే ఇక్కడే పోతాను. రాకపోతే బంటుమిల్లి వెళ్తాను" అన్నాడు.

ఆ మూడు రోజులూ నేను వాళ్ళ అరుగు మీదే కూర్చున్నాను. పేటలో కూర్చున్నానని ఊరేమనుకుంటుందో, మా అమ్మేమనుకుంటుందో ఒక్కసారి కూడా తట్టలేదు. ఆయన దగ్గితే లేచి నిలబడేవాణ్ణి. పెరట్లోకి వెళ్తే తిరిగొచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ణి. వాళ్ళావిడకి ఏమీ తెలియదు. "మా ఆయన ధైర్యం చూశారా మాస్టారూ!" అని మురిసిపోతూ నాకు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

నాలుగో రోజు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. "మీరొద్దండి. మీ మొహం చూస్తే వాళ్ళకి తెలిసిపోద్ది" అన్నాడు.

పది రోజులకి తిరిగొచ్చాడు. కాళ్ళు వాచాయి, చొక్కా మట్టి కొట్టుకుపోయింది. నేను ఎదురెళ్ళాను.

"కనపడిందండి ఆ తల్లి. పాప బాగుంది. నడుస్తుంది కూడా."

"ఏ ఊరు?"

"బాగుంది కదండీ మాస్టారూ. ఊరెందుకండీ?"

అని నన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు మిషను విప్పేశాడు. నెల తిరక్కుండా ఇద్దరూ బందరు వెళ్ళిపోయారు. ఆ వేసవికే మా ఊళ్ళో మరొకరు సోడా కొట్టు పెట్టారు, అది చాలా ఏళ్ళు నడిచింది. ఎగబడి కొంటున్న సరుకుని చేతులారా ఎందుకు మూసుకున్నాడని ఊళ్ళో చాలాకాలం చర్చించుకున్నారు. కలిసి రాలేదన్నారు, వ్యాపారం చేతకాదన్నారు, ఆరంభశూరత్వమన్నారు. నేను నోరు విప్పలేదు.

ఆ తర్వాత ఆయన్ని నేను చూడలేదు. పోయాడని ఎప్పుడో ఎవరో చెప్పారు. పాప బాగుందన్నాడు. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు బతకొచ్చు. కాని నా కోసం, నా మొహం చూసి, గొంతు వణక్కుండా ఆయన అబద్ధం ఆడగలడని నేను కళ్ళారా చూశాను.

బంటుమిల్లి మీదుగా బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఒక్కసారి కూడా దిగలేదు.